నిప్పు లేనిదే పొగ రాదా? ఫోన్‌లో వాదన దారి తప్పే తీరు

క్లుప్తంగా: వాట్సాప్ గ్రూపుల్లో, సోషల్ మీడియాలో జరిగే వాదనలు తేలకుండా మిగిలిపోవడానికి జనానికి తెలివి లేకపోవడం కారణం కాదు. పదిమంది చూస్తుండగా మాట్లాడాల్సి రావడం, మాట పుట్టిన చోటు చెరిగిపోవడం, తరచూ కంటపడినది నిజమనిపించడం అసలు కారణాలు. విశాఖలో తరచూ వినిపించే కొన్ని వాదనలను తీసుకుని, పాత తర్కశాస్త్రం, ఇటీవలి పరిశోధనల సాయంతో ఆ పనితీరును ఈ వ్యాసం విడదీసి చూస్తుంది.

విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం కాస్త వెనక్కి తగ్గితే చాలు, గంట తిరక్కుండా ఆ ఫోటోలు స్టేటస్‌లకు ఎక్కుతాయి. మామూలుగా నీళ్లలో మునిగి ఉండే రాళ్లు బయటపడి ఉంటాయి. వాటి మీద నిలబడి కుర్రాళ్లు సెల్ఫీలు దిగుతుంటారు. ఫోటో కింద ఒకే ఒక్క వాక్యం: "సునామీ వచ్చే ముందు ఇలాగే అవుతుందట." ఎంవీపీ కాలనీలోని ఏదో ఒక అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు 2004ను గుర్తుచేస్తారు. ఇంకొకరు "అవి ఆటుపోట్లండీ, టెన్షన్ పడకండి" అంటారు. వెంటనే జవాబు వస్తుంది: "నిప్పు లేనిదే పొగ రాదు కదా!" సాయంత్రానికి నీళ్లు పాత చోటికి వచ్చేస్తాయి. గ్రూపులో మాత్రం రెండు పక్షాలు అలాగే మిగిలిపోతాయి.

ఆ సామెతను ఇక చర్చ అక్కర్లేదన్నట్టు వాడతారు. విచిత్రం ఏమిటంటే, భారతీయ తర్కశాస్త్రంలో చర్చ మొదలయ్యేదే పొగ, నిప్పు దగ్గర.

పొగ, మంచు, కాలిన ఇనుము

కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో ఉన్నట్టు. ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే. కాబట్టి ఇక్కడ నిప్పు ఉంది. న్యాయశాస్త్రం (చట్టం కాదు, ఆ పేరున్న పాత భారతీయ తర్కశాస్త్రం) ప్రకారం ఒక అనుమానాన్ని, అంటే గుర్తును బట్టి ఊహించి తేల్చినదాన్ని, ఎదుటివారికి చెప్పాల్సిన పద్ధతి ఇది. ఈ ఐదు మెట్లకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని పేర్లు. గ్రూపులో తిరిగే మెసేజ్‌లలో సాధారణంగా మొదటిది, చివరిది మాత్రమే ఉంటాయి. "సునామీ రాబోతోంది, అందరూ జాగ్రత్త" అన్నప్పుడు మధ్యలో ఉండాల్సిన మూడు మెట్లను చదివేవాళ్లే తమ భయంతో పూరించుకుంటారు.

ఆ మధ్య మెట్ల దగ్గరే తార్కికులు ఎక్కువ సేపు ఆగారు. కనిపిస్తున్నది నిజంగా పొగేనా అన్నది మొదటి ప్రశ్న. చలికాలం పొద్దున్నే సింహాచలం కొండను కమ్ముకునే తెల్లదనం దూరం నుంచి పొగలాగే ఉంటుంది, కానీ అది మంచు. ఆవిరినో దుమ్మునో చూసి పొగ అనుకుంటే, ఆ తర్వాత చేసిన ఆలోచన ఎంత చక్కగా ఉన్నా ఫలితం తప్పే. తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఏళ్ల నాటి వీడియోలు కొత్త తేదీతో తిరగడం ఇలాంటిదే. వీడియో నిజమైనదే, గాలి నిజమైనదే. ఇవాళ్టిది కాదు, అంతే.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందా? ఉండదు అనడానికి పాత గ్రంథాలు ఇచ్చే ఉదాహరణ ఎర్రగా కాలిన ఇనుప గుండు. అందులో నిప్పు ఉంది, పొగ లేదు. ఉక్కు నగరంలో ఈ ఉదాహరణకు వివరణ అక్కర్లేదు. కట్టెలు తడిగా ఉన్నప్పుడే నిప్పు నుంచి పొగ వస్తుందని, ఆ తడి అనే దాగి ఉన్న షరతుకు "ఉపాధి" అని పేరు పెట్టారు. ఉపాధిని పట్టుకోగలిగితే సగం వాదనలు అక్కడికక్కడే తేలిపోతాయి.

సముద్రం సంగతికి ఇది అచ్చంగా సరిపోతుంది. సునామీ అలల్లో పల్లపు భాగం ముందుగా తీరానికి చేరితే నీళ్లు బాగా వెనక్కి పోతాయి. 2004 డిసెంబరు 26న చాలా తీరాల్లో ఇదే కనిపించింది. దీన్ని తిరగేసి "నీళ్లు వెనక్కి పోతే సునామీ" అనడమే పొరపాటు. పౌర్ణమికి, అమావాస్యకు ఆటుపోట్ల తేడా పెరుగుతుంది. గాలి దిశ మారుతుంది, ప్రవాహాలు మారతాయి, ఇసుక ఒకచోట కోసుకుపోయి ఇంకోచోట మేట వేస్తుంది. వీటిలో ఏది జరిగినా రాళ్లు బయటపడతాయి. సునామీకి ఉండాల్సిన షరతు వేరు. సాధారణంగా సముద్రం అడుగున పెద్ద భూకంపం రావాలి. 2004లో సుమత్రా దగ్గర వచ్చిన దాని తీవ్రత 9కి పైగా ఉంది. అలాంటి కదలికలను గమనించి హెచ్చరించడానికే హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్)లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది.

అలాగని భయపడినవాళ్లను వెక్కిరించడం కూడా తప్పే అవుతుంది. భూమి గట్టిగా కంపించాకనో, ఏ కారణమూ కనిపించకుండా నిమిషాల్లోనో సముద్రం చాలా దూరం వెనక్కి పోతే, ఎవరి మెసేజ్ కోసమూ చూడకుండా ఎత్తైన చోటికి పరుగెత్తాల్సిందే. రోజూ ఆరారు గంటలకు మెల్లగా తగ్గే నీటికీ దీనికీ ఉన్న తేడా ఫోటోలో కనిపించదు. ఫోటోకు వేగం ఉండదు కదా.

ఆప్తుడు అంటే ఎవరు?

తనంతట తాను చూడని విషయాన్ని మనిషి ఇంకొకరి మాట మీద నమ్ముతాడు. ఇందులో తప్పేమీ లేదు. భూమి గుండ్రంగా ఉందన్న సంగతి దగ్గర నుంచి డాక్టరు రాసిన మందు దాకా, మనకు తెలిసినవాటిలో ఎక్కువ భాగం ఇలా వచ్చినదే. న్యాయశాస్త్రం దీన్ని శబ్దప్రమాణం అంది. అయితే ఒక షరతు పెట్టింది: చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. తెలుగు ప్రాంతం నుంచి వెళ్లిన 17వ శతాబ్దపు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఆప్తుడికి ఇచ్చిన నిర్వచనం రెండే మాటలు: ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు.

ఇప్పుడు తెలుగులో ఆప్తుడు అంటే అర్థం అది కాదు. కావలసినవాడు, దగ్గరివాడు. పెళ్లి శుభలేఖల మీద బంధువులతో పాటు కనిపించే మాట. విషయం తెలిసినవాడు అనే అర్థం పోయి, మనసుకు దగ్గరైనవాడు అనే అర్థం మిగిలింది. వాట్సాప్ చేసే మాయ అంతా ఈ రెండు అర్థాల మధ్యనే ఉంది. మెసేజ్ వచ్చేది రెండో అర్థంలో ఆప్తుడి నుంచి. దానిమీద కలిగే నమ్మకం మాత్రం మొదటి అర్థంలోని ఆప్తుడికి ఇవ్వాల్సినది. పెదనాన్న అబద్ధం చెప్పడు, నిజమే. కానీ పెదనాన్న ఆ మాట చెప్పలేదు. చేతికి వచ్చినదాన్ని ముందుకు తోశాడు, అంతే.

నోటిమాటగా పాకే పుకారుకు ఒక చిన్న రక్షణ ఉండేది. "నీకెవరు చెప్పారు?" అని అడిగితే కనీసం ఒక పేరు వచ్చేది. ఫార్వర్డ్‌లో ఆ పేరు ఉండదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లు తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతా పాకి, ఏ పాపం ఎరుగని మనుషులను జనం కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ "ఫార్వర్డెడ్" అనే గుర్తు తెచ్చింది. భారత్‌లో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది. దాంతో అలాంటి మెసేజ్‌ల ప్రవాహం 70 శాతం దాకా తగ్గిందని ఆ సంస్థ ప్రకటించింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మెసేజ్‌లో ఏముందో ఎవరూ చదవలేదు, పంపినవాళ్లకు, అందుకున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించకుండా దాచే ఎన్‌క్రిప్షన్ ఉన్నందున కంపెనీ కూడా చదవలేదు. ఎవరి అభిప్రాయాన్నీ మార్చలేదు. వేలికి ఇంకొంచెం పని పెట్టారు. అంటే పాకినదాంట్లో చాలా భాగం గట్టి నమ్మకంతో పంపినది కాదు, సులువుగా ఉంది కాబట్టి పంపినది.

మూలం తెలియని మాటను పరీక్షించడంలో ఎవరు మెరుగు అన్న దానిమీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసక్తికరమైన పోలిక చేశారు. చరిత్ర ఆచార్యులను, విద్యార్థులను, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లను కూర్చోబెట్టి, తెలియని వెబ్‌సైట్లు ఇచ్చారు. మొదటి రెండు జట్లలో చాలామంది ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. లోగో బాగుందా, భాష పద్ధతిగా ఉందా అని చూశారు, మోసపోయారు. నిజనిర్ధారకులు పేజీని సరిగ్గా చదవను కూడా లేదు. వెంటనే బయటికొచ్చి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో వెతికారు. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఇచ్చిన బయోడేటానే పదిసార్లు చదువుకోరు, వాళ్ల వీధిలో వాకబు చేస్తారు. ఇదీ అంతే.

వాదం, జల్పం, వితండం

తెలుగులో "వితండవాదం" తిట్టు లాంటి మాట అయిపోయింది. అడ్డదిడ్డంగా మాట్లాడేవాళ్లందరికీ అదే తగిలిస్తాం. పాత అర్థం అంత వెడల్పైనది కాదు. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం ఏమిటో తేల్చుకోవడానికి ప్రమాణాలతో సాగేది వాదం. గెలవడమే గురిగా, ఎత్తుగడలకు కూడా చోటిచ్చేది జల్పం. తన పక్షం అంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్న జల్పం వితండం. వాదాన్ని ఎవరితో చేయాలో కూడా చెప్పారు: గురువుతో, తోటి విద్యార్థులతో, మేలు కోరేవారితో, అసూయ లేనివారితో. ఒక్కమాటలో, ఓడిపోయినా పరువు పోని చోట.

ఫోన్‌లో ఆ చోటు దొరకదు. ఇద్దరి మధ్య మొదలైన మాటను రెండువందల మంది చూస్తుంటారు. వాళ్లలో ఆఫీసు పైఅధికారి ఉంటాడు, వియ్యంకుడు ఉంటాడు, పాత క్లాస్‌మేట్ ఉంటాడు. అక్కడ "అవును, నేను పొరబడ్డాను" అనడం ఒక అభిప్రాయాన్ని మార్చుకోవడంగా ఉండదు, సభలో తల దించుకోవడంగా ఉంటుంది. అందుకే టీ కొట్టు దగ్గర పది నిమిషాల్లో ఒప్పుకునే మనిషే గ్రూపులో రాత్రి పదకొండింటి దాకా వెనక్కి తగ్గడు. మనిషి మారలేదు, చూసేవాళ్లు వచ్చి చేరారు. పాత సభల్లో జల్పానికి కూడా మధ్యస్థులు ఉండేవారు. ఇక్కడ ఆ కుర్చీలో లైకులు కూర్చున్నాయి.

సోషల్ మీడియా వేదికలు దీనికి ఇంకో మెట్టు కలుపుతాయి. ఏ పోస్టు ఎందరికి కనిపించాలో ఎక్కువగా స్పందనను బట్టి నిర్ణయమవుతుంది. రాజకీయ వివాదాల మీద వచ్చిన ట్వీట్లను పరిశీలించిన 2017 నాటి అమెరికా అధ్యయనం ఒకటి, నీతిని, భావోద్వేగాన్ని కలిపి పలికే ఒక్కో మాట చేరేకొద్దీ ఆ ట్వీట్‌ను పంచుకోవడం సుమారు 20 శాతం చొప్పున పెరిగిందని తేల్చింది. "ఈ లెక్క సరిగా లేదు" కంటే "ఇది ద్రోహం" దూరం పోతుంది. రాసేవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, రెండు నెలల్లో వాళ్లకే తెలిసిపోతుంది.

జల్పంలో వాడే ఎత్తుగడల జాబితా చదివితే, అది ఈ మధ్యే గ్రూపులు చూసి రాసినట్టు ఉంటుంది. "నవకంబలుడు" అంటే కొత్త కంబళి ఉన్నవాడు అని ఒకడంటే, "తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి?" అని ఎదురడగడం ఛలం. "వైజాగ్‌లో ట్రాఫిక్ బాగా పెరిగింది" అన్నవాడిని "అంటే ఊరు అభివృద్ధి చెందకూడదంటావా?" అని నిలదీయడం దానికి దగ్గరి చుట్టం. ఓటమి గుర్తులుగా, అంటే నిగ్రహస్థానాలుగా, 22 చెప్పారు. అడిగినదానికి సంబంధం లేని సంగతి ఎత్తుకుంటే అర్థాంతరం. ఒక కారణం నిలబడకపోతే చప్పున ఇంకో కారణానికి మారితే హేత్వంతరం. జవాబు తోచక "నాకు పనుంది, వెళ్లాలి" అని చర్చ మధ్యలో లేచిపోతే విక్షేపం. గ్రూపులోంచి "లెఫ్ట్" అయిపోవడానికి కూడా రెండు వేల ఏళ్ల కిందటి పేరు సిద్ధంగా ఉందన్నమాట.

అయితే జల్పాన్ని, వితండాన్ని ఆ సూత్రాలు పూర్తిగా నిషేధించలేదు. మొలకను పశువులు తినకుండా ముళ్లకంప వేసినట్టు, తేల్చుకున్న నిజాన్ని కాపాడటానికి వాడొచ్చన్నాయి. ఫోన్‌లో ఎక్కువగా కనిపించేది కంపే. లోపల మొలక ఉందో లేదో ఎవరూ చూడరు.

నినాదానికీ లెక్కకూ మధ్య

విశాఖలో దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఉక్కు కర్మాగారం చర్చ. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదం 1966 ఉద్యమంలో ఊరూరా మోగింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో కర్మాగారం ప్రకటన వచ్చింది, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. సరిగ్గా యాభై ఏళ్లకు, 2021 జనవరి 27న, వంద శాతం వాటా ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. 2025 జనవరిలో కేంద్రమే 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీకి ఆమోదం తెలిపింది. ఈ నాలుగేళ్లలో ఆన్‌లైన్‌లో జరిగిన వాదనల తీరు గమనించదగ్గది.

ఒక పక్షం నష్టాల అంకెలు పెడుతుంది. రెండో పక్షం నినాదం పెడుతుంది. మొదటివాళ్లకు రెండోవాళ్లు ఆవేశపరులుగా కనిపిస్తారు, రెండోవాళ్లకు మొదటివాళ్లు ఊరి చరిత్ర తెలియనివాళ్లుగా కనిపిస్తారు. అసలు రెండు పక్షాలూ ఒకే ప్రశ్నకు జవాబివ్వడం లేదు. సంస్థకు నష్టం వచ్చిందా అన్నది అంకెలతో తేలే ప్రశ్న. ఎందుకు వచ్చింది అన్నది కారణాల ప్రశ్న, పైన చెప్పిన ఉపాధిని, అంటే దాగి ఉన్న షరతును, వెతకాల్సింది ఇక్కడే. సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోవడం అలాంటి షరతుల్లో ఒకటని కార్మిక సంఘాలు మొదటి నుంచీ అంటున్నాయి. అప్పుల భారం, నిర్వహణ లోపాలు అని ఇంకొందరు అంటారు. ప్రజలు పోరాడి తెచ్చుకున్న సంస్థ ఎవరి చేతిలో ఉండాలి అన్నది మూడోది, అది విలువల ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును నేరుగా మూడోదాని మీద పెట్టడం వల్ల వాదన ఏళ్ల తరబడి ఒకేచోట తిరుగుతోంది. "నష్టం వచ్చింది కాబట్టి అమ్మాలి" అన్నదానిలోనూ, "హక్కు కాబట్టి నష్టం మాట ఎత్తకూడదు" అన్నదానిలోనూ ఒక మెట్టు తగ్గింది.

నినాదం గెలిచే తీరుకు ఇంకో చిన్న కారణం ఉంది. ఉక్కు, హక్కు. ఆ ద్విత్వం చెవిలో మోగుతుంది. ప్రాస ఉన్న వాక్యాన్ని, అదే అర్థం ఉన్నా ప్రాస లేని వాక్యం కంటే ఎక్కువ నిజంగా జనం లెక్కేస్తారని 2000లో వెలువడిన ఒక మనస్తత్వ పరిశోధన చూపింది. సామెతల మీద పెరిగిన భాషకు ఇది కొత్త సంగతేమీ కాదు. ప్రాస ఉన్నంత మాత్రాన నినాదం అబద్ధమైపోదు. అది లెక్క చెప్పడానికి పుట్టలేదు, జనాన్ని కూడగట్టడానికి పుట్టింది, ఆ పని చేసింది. లెక్క అడిగిన చోట దాన్ని జవాబుగా పెట్టినప్పుడే చిక్కు.

2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ మీద కూడా ఇదే ఆట మొదలైంది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్న అంకెను ఒకరు పోస్టర్ చేస్తారు. నీళ్లు, కరెంటు ఎంత తాగుతుందని ఇంకొకరు అడుగుతారు. మొదటివాళ్లు దాన్ని ఊరికి అడ్డుపడటంగా తీసుకుంటారు. నిజానికి ఇక్కడ తేల్చదగ్గ ప్రశ్నలు చాలా ఉన్నాయి: చల్లబరిచే పద్ధతి ఏమిటి, నీళ్లు ఏ వనరు నుంచి, కట్టేటప్పుడు వచ్చే ఉద్యోగాలు ఎన్ని, కట్టాక మిగిలేవి ఎన్ని. డేటా సెంటర్లలో ఈ చివరి రెండు అంకెల మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటుంది. వాటి గురించి మాట్లాడితే లైకులు రావు.

తొందరపెట్టే గొంతు

వాదన అక్కర్లేకుండానే ఒప్పించే మార్గాలు వేరే ఉన్నాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీని 1984లో వీటిని ఆరుగా వర్గీకరించాడు: పుచ్చుకున్నందుకు తిరిగి ఇవ్వాలనిపించడం, అన్నమాటకు కట్టుబడటం, నలుగురు చేసేది చేయడం, ఇష్టమైనవాళ్ల మాట వినడం, అధికారానికి తలవంచడం, దొరకదేమో అన్న తొందర. పూర్ణా మార్కెట్‌లో చీరల దుకాణానికి వెళ్తే ఆరూ ఒక్క పూటలో కనిపిస్తాయి. కూర్చోగానే కూల్‌డ్రింక్ వస్తుంది. "ఈ డిజైన్‌లో ఇదొక్కటే మిగిలిందమ్మా" అన్న మాట వస్తుంది. ఇందులో పెద్ద మోసమేమీ లేదు, ఇష్టం లేకపోతే లేచి రావచ్చు.

లేచి రానివ్వకపోవడమే "డిజిటల్ అరెస్ట్" మోసాల కిటుకు. మీ పేరుతో వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయనో, మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగిందనో ఫోన్ వస్తుంది. వీడియో కాల్‌లో యూనిఫాం, వెనక గోడ మీద ముద్ర, గంభీరమైన గొంతు. అధికారం, తొందర రెండూ ఒకేసారి మీద పడతాయి. వాటికి తోడు ఇంకో షరతు: కాల్ కట్ చేయకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. వాదనను చూసేవాళ్లు ఉండటం చెడగొడుతుందని పైన అనుకున్నాం. ఇక్కడ అది పూర్తిగా తిరగబడింది. ఒక్క మూడో మనిషి వింటే చాలు, ఈ కథ నిలవదు, అందుకే మూడో మనిషి లేకుండా చూస్తారు. రిటైరైన బ్యాంకు అధికారులు, డాక్టర్లు కూడా ఇందులో పడటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. చదువు నెమ్మదిగా ఆలోచించడానికి పనికొస్తుంది, ఆ నెమ్మదినే ఈ కాల్ లాగేసుకుంటుంది.

భారత చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఈ విషయం ప్రత్యేకంగా ప్రస్తావించారు. డబ్బు పంపేసినా వెంటనే 1930కి ఫోన్ చేస్తే, ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

సరిదిద్దితే వింటారా?

తప్పును సరిదిద్దబోతే మనిషి ఇంకా మొండికేస్తాడన్న మాట కొన్నాళ్లు బాగా ప్రచారమైంది. 2010లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన దీనికి మూలం. తర్వాత పది వేల మందికి పైగా మనుషులపై, 52 అంశాలతో చేసిన పరీక్షల్లో ఆ ఎదురుదెబ్బ దాదాపు కనిపించలేదు. ఎక్కువమంది నిజం చెబితే ఎంతో కొంత సర్దుకున్నారు. "చెప్పినా ఎవరూ వినరు" అన్న నిరాశ కూడా ఒక రకంగా సరిచూడకుండా పాకిన మాటే.

చిక్కు వేరే చోట ఉంది. తరచూ విన్న వాక్యం నిజమనిపించడం మనస్తత్వ శాస్త్రంలో 1977 నుంచి తెలిసిన సంగతి. పుకారును ఖండించేవాళ్లు ముందుగా ఆ పుకారునే పెద్ద అక్షరాల్లో రాసి, కింద చిన్నగా "ఇది అబద్ధం" అంటే, పదిరోజుల తర్వాత గుర్తుండేది పెద్ద అక్షరాలే. జరిగినదాన్ని ముందు చెప్పి, పుకారును ఒక్కసారి మాత్రం ఎత్తి, మళ్లీ జరిగినదానితో ముగిస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది. ఇక వేగం సంగతి. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో పాకిన సుమారు 1,26,000 కథనాలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించారు. 1,500 మందిని చేరడానికి అబద్ధపు కథనానికి పట్టిన సమయానికి దాదాపు ఆరు రెట్లు నిజమైన కథనానికి పట్టింది. దీనికి తమంతట తామే పోస్టులు పంచే బాట్‌లు కాదు, మనుషులే ఎక్కువ కారణమని వాళ్లు తేల్చారు. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ.

అయితే పుకారును నమ్మడం ప్రతిసారీ తెలివితక్కువ పని కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే విషరసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అదే రోజు రాత్రి మళ్లీ లీకవుతోందన్న మాట పాకింది. చుట్టుపక్కల కాలనీల జనం పిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్డెక్కారు. ఆ రాత్రి ఎవరైనా ఆగి మూలం వెతకాలా? నమ్మి బయటికి వెళ్తే పోయేది ఒక రాత్రి నిద్ర. నమ్మకుండా ఉంటే, మాట నిజమైతే, పోయేది ప్రాణం. అలాంటప్పుడు కాళ్లకు పని చెప్పడమే సరైన లెక్క. పొద్దున్నే మనుషులు పోయిన చోట, సాయంత్రం అధికారుల నుంచి స్పష్టమైన మాట ఎంత ఆలస్యమైతే ఆ ఖాళీని పుకారు అంతగా నింపుతుంది. ఇక్కడ సరిచేయాల్సింది జనం ఆలోచనను కాదు, సమాచారం అందే వేళను.

కాబట్టి నమ్మడం, పంపడం అన్నవి రెండు వేర్వేరు పనులు. తాను జాగ్రత్త పడటానికి అనుమానం చాలు. మూడు వందల మందికి పంపడానికి అది చాలదు. ఒక్క శీర్షిక నిజమా కాదా అని ముందుగా అడిగితే చాలు, ఆ తర్వాత జనం పంచుకునే వాటిలో నాణ్యత పెరిగిందని కొన్ని పరిశోధనలు చూపాయి. గ్రూపు అడ్మిన్‌లు పాఠాలు చెప్పనక్కర్లేదు. "ఇది ఎప్పటిది?" అన్న ప్రశ్నకే కొంత పని జరుగుతుంది. ఆ ప్రశ్న గ్రూపులో వేస్తే జల్పం మొదలవుతుంది. పక్కన ఫోన్‌లో వేస్తే వాదానికి కావలసిన చోటు దొరుకుతుంది.

ఆర్కే బీచ్ ఫోటోనే తీసుకుంటే, ఆ సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"పిన్నీ, ఇందాక పెట్టారు కదా, ఆ ఫోటో ఇవాళ్టిదేనా?"

"ఏమోనమ్మా, మా తోటికోడలు పంపింది. బీచ్ దగ్గరే కదా వాళ్లిల్లు."

"ఆవిడ తీశారా?"

"ఉండు, అడిగి చెప్తా."

పావుగంటకు జవాబు వస్తుంది. తోటికోడలు తీయలేదు. ఆమెకు వాళ్ల వాకింగ్ గ్రూపులో వచ్చింది. అక్కడ ఆ ఫోటో పక్కన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే అప్పటికే ఐదు చేతులు దాటి వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లే దారి యాప్‌లో లేదు. పిన్ని గ్రూపులోంచి ఆ ఫోటో డిలీట్ చేసింది. అప్పటికి దాన్ని పదకొండు మంది చూశారు.